మూడు వేళ్ళు

ఏప్రిల్ ఆఖరి ఆదివారం ఓటు సభకి ముందురోజు రెమిగ్ కత్తి తుడిచి పెట్టడం నా పని. పెళ్ళయిన కొత్తలో అత్తగారు నేర్పింది. ముందు పొడిగుడ్డ, తరవాత ఒక్క చుక్క నూనె, పిడి మీది ఇత్తడికి సుద్దపొడి. ఒరలోకి తడి వెళ్ళకూడదు. "ఇన్నాళ్ళూ నేను తోమాను. ఇక నీ చేతులు నల్లబడనీ అమ్మాయ్," అని గుడ్డ నా ఒళ్ళోకి విసిరి, ఆవిడ కిటికీ దగ్గర తన కుట్టుపని ముందు కూర్చుంది. ఆ కత్తితో మా ఇంట్లో ఎవరూ రొట్టెముక్క కూడా కోసి ఎరగరు. రెమిగ్ తాతది, తరవాత నాన్నది, ఇప్పుడు రెమిగ్‌ది. అది నడుముకి వేలాడుతుంటే చాలు, మగవాడు చౌరస్తాలో కట్టిన తాడు దాటి లోపలికి వెళ్ళి ఓటు వెయ్యొచ్చు. వేరే చీటీ అక్కర్లేదు. ఆ మొదటి ఏళ్ళలో నేను దాన్ని మెరిసేలా తుడిచి, అతని నడుముకి కట్టి, బెల్టు సరిచేసి, తాడుకి ఇవతల ఆడవాళ్ళతో నిలబడేదాన్ని. ఇందులో వింత ఉన్నట్టు ఎవరికీ తోచలేదు. నాకూ చాలాకాలం తోచలేదు. ఇప్పుడు నన్ను పట్టి పీడించేది ఆ తోచకపోవడమే.

ఈసారి కూడా వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి కత్తి తుడుస్తున్నాను. రెమిగ్ నడవాలో అద్దం ముందు నిలబడి మర్నాటి టై కట్టి చూసుకుంటున్నాడు.

"రేపు సభ అయ్యాక హోటల్లో రేడియో వాళ్ళుంటారు. జూరిక్ నుంచి ఒకమ్మాయి వస్తోంది. ఆడవాళ్ళ ఓటు మీద ఏదో కార్యక్రమంట. నన్ను అడుగుతుంది, ఆనక నిన్నూ అడుగుతుంది."

"నన్నేం అడుగుతుంది?"

"అదే, తొంభైలో సంగతి. ఎప్పటిలా చెప్పెయ్. రెండు ముక్కలు చాలు."

ఎప్పటిలా. ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. కత్తి మీద నా ముఖం సన్నగా, పొడుగ్గా, ఎవరిదోలా కనిపించింది. రేపు కాదు, ఆపై ఆదివారం మా ఊరి సభలో రెమిగ్ మళ్ళీ మా కాంటన్, అంటే మా చిన్న రాష్ట్రం, శాసనసభకి నిలబడుతున్నాడు. గెలిస్తే ఈసారి సభాపతిని చేస్తారని ఊళ్ళో అనుకుంటున్నారు. గెలుస్తాడు కూడా. మా ఊరు ఐష్‌బ్యూల్‌కి ఎన్నో ఏళ్ళు మేయరుగా చేసినవాడు, అందరికీ కావలసినవాడు. పైగా ఆ రోజు చెయ్యెత్తినవాడు. ఇక్కడ అతన్ని అలాగే అంటారు. ఎవరైనా కొత్తవాళ్ళకి పరిచయం చేసేటప్పుడు పేరు చెప్పి, పదవి చెప్పి, ఆ తరవాత గొంతు కొంచెం తగ్గించి "చెయ్యెత్తినవాళ్ళలో ఒకడు" అంటారు.

నేను ఆ రోజు కిటికీలోంచి చూశాను. ఏం చూశానో నాకు తెలియదు. ఇన్నేళ్ళ సంసారంలో నాకు నిజంగా కావలసింది ఒక్కటే మిగిలింది. ఆ రోజు నా కళ్ళు చూసింది నిజమా, కాదా అన్నది తేలడం. చిన్న కోరికే. కానీ అది తేలకపోతే నేను చూసిన ఏదీ నాది కాదనిపిస్తుంది.

మా సభ సంగతి కొంచెం చెప్పాలి. కాంటన్‌లో ఓటున్న వాళ్ళంతా చౌరస్తాలో తాడు లోపల కూడతారు. ముందు ప్రమాణం. అందరూ కుడిచెయ్యి ఎత్తి మూడు వేళ్ళు చాపుతారు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. మిగతా రెండూ అరచేతిలోకి మడిచి ఉంటాయి. ఆ తరవాత ఒక్కో విషయం మీదా ఓటు. ఓటుకి అరచెయ్యి మొత్తం తెరిచి ఎత్తాలి. లెక్కపెట్టేవాళ్ళు ఉండరు, వేదిక మీది పెద్దమనిషి చేతుల అడవిని కళ్ళతో కొలిచి తీర్పు చెప్తాడు. ప్రమాణం చెయ్యి వేరు, ఓటు చెయ్యి వేరు. మా పిల్లలు మాటలు రాకముందే, అమ్మల ఒళ్ళో కూర్చుని, ఈ రెండూ ఆడుకుంటూ నేర్చుకుంటారు.

తొంభైలో ఆ ఆదివారం మగవాళ్ళు మరోసారి మా సంగతి తేల్చాల్సి ఉంది. ఆడవాళ్ళని తాడు లోపలికి రానివ్వాలా, వద్దా. నా కడుపులో జూడిత్ ఆరో నెల. కొంతమంది ఆడవాళ్ళు మొగుళ్ళతో పోట్లాడారు, కొందరు బతిమాలారు. మా అత్తగారి లాంటి వాళ్ళు అసలు వద్దన్నారు. "సూపులో ఉప్పు ఎంతో మగాళ్ళని అడిగి వేస్తున్నామా? వాళ్ళ చౌరస్తాలో వాళ్ళని తిప్పలు పడనివ్వండే," అనేది ఆవిడ, సూదికి దారం ఎక్కిస్తూ. నేను ఏమీ అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది. పెళ్ళయి మూడేళ్ళు కూడా కాని మనిషికి కొన్ని జవాబులు తెలియకపోవడమే సుఖం. అలాంటిది, ఆ పొద్దున నేను బెల్టు బిగిస్తుంటే రెమిగ్ తనంతట తనే నా తలమీద గడ్డం ఆనించి అన్నాడు. "ఇవాళ ఎత్తుతాను ఆగతా. నీ కోసం."

అడగకుండా వచ్చిన దానికి ఎంత బలముంటుందో అప్పుడు తెలియదు. నేను ఆ మాటని మా పిన్ని ఇంటిదాకా రెండు చేతులతో మోసుకెళ్ళినట్టు వెళ్ళాను. పిన్ని ఇల్లు చౌరస్తా మీదికే ఉంటుంది. మేడ మీది కిటికీ దగ్గర నాకు కుర్చీ వేసింది, కడుపుతో ఉన్నదాన్నని. కిందంతా నల్లకోట్లు, టోపీలు, కత్తులు. రెమిగ్ ఫౌంటెన్ పక్కన ఉన్నాడు, కలప వర్తకుడు దోరిగ్‌కి ఆనుకుని. రెమిగ్ అప్పట్లో ఇళ్ళకి పైకప్పులు వేసే వడ్రంగి మేస్త్రీ. దోరిగ్ కలప పంపితేనే అతనికి పని. ముందు ప్రమాణం జరిగింది. వేల చేతులు లేచాయి, వేల మూడు వేళ్ళు. రెమిగ్‌దీ లేచింది. ఎండ అతని వేళ్ళ మీద పడటం కూడా చూశాను. తరవాత చాలాసేపటికి మా విషయం వచ్చింది. ఇష్టమున్నవాళ్ళు చేతులెత్తండి అన్నారు.

చేతులు లేచాయి. అనుకున్నదానికంటే ఎక్కువే లేచాయి. రెమిగ్ చెయ్యి కోటుకి అంటుకుని ఉంది. అతని తల మాత్రం ఒకసారి పక్కకి తిరిగింది, చెయ్యెత్తని దోరిగ్ వైపు. తరవాత కిందికి, తన బూట్ల వైపు. అంతే. తరవాత వద్దన్నవాళ్ళని ఎత్తమన్నారు. అప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. అందుకే, వద్దన్నవాళ్ళలో అతను ఎత్తాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. కళ్ళు తెరిచేసరికి పిన్ని కిటికీ రెక్క మూస్తోంది. "చలిగాలి. కడుపులో పిల్ల," అంది. వద్దన్నవాళ్ళు గెలిచారని ఆమె చెప్పనే లేదు, కింద చప్పట్లే చెప్పాయి.

ఇంటికొచ్చాక రెమిగ్ బూట్లు విప్పుతూ నా వైపు చూడకుండానే "ఎత్తాను. చూశావుగా," అన్నాడు.

"నాకు కనిపించలేదు."

"అంత జనంలో ఏం కనిపిస్తుంది?"

"నువ్వు ఫౌంటెన్ దగ్గరే ఉన్నావు కదా."

"ఆగతా, ఎత్తానంటుంటే!" అతని గొంతులో కోపం లేదు, అలసట ఉంది. పసిపిల్లకి చెప్పినదే చెప్పాల్సి వస్తే ఉండే అలసట. మా అత్తగారు స్టవ్ దగ్గర్నుంచి నవ్వింది. "కడుపుతో ఉన్నప్పుడు నాకూ ఏవేవో కనిపించేవిలే. ఒకసారి ఆవుకి రెండు తలలు కనిపించాయి." ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ వెళ్ళి స్నానాలగదిలో ఏడ్చాను. రెమిగ్ తలుపు దగ్గరికొచ్చి, మేం ఓడిపోయినందుకు ఏడుస్తున్నాననుకుని, "వచ్చేసారి వస్తుందిలే," అని ఓదార్చాడు.

వచ్చేసారి దాకా ఆగాల్సిన పని లేకపోయింది. ఆ ఏడాది చలికాలంలోనే దేశపు పెద్ద కోర్టు మా మగవాళ్ళ చేతుల్ని పక్కన పెట్టి మాకు ఓటిచ్చింది. మర్నాటి ఏప్రిల్‌లో మేం తాడు లోపలికి వెళ్ళాం. మాకు కత్తి లేదు, ఒక కార్డిచ్చారు. రెమిగ్ కత్తి తుడిచాక నా కార్డు చేతిసంచిలో పెట్టుకున్నాను. తుడవడం ఎందుకు ఆపలేదో ఎవరూ అడగలేదు. కత్తికి తుప్పు పడుతుందని అనుకుని ఉంటాను.

రెమిగ్ ఊరి కౌన్సిల్‌కి నిలబడినప్పుడు మొదటిసారి ఆ ప్రశ్న వచ్చింది. సభలో ఇప్పుడు సగం ఆడవాళ్ళు. పాలకేంద్రంలో పనిచేసే ఒకామె లేచి, "మరి ఆ రోజు నువ్వెటు రెమిగ్?" అని అడిగింది. రెమిగ్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఎత్తాను. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి, మేడ మీంచి చూసింది." అందరూ నా వైపు తిరిగారు. జూడిత్ నా భుజం మీద నిద్రపోతోంది. నేను తల ఊపాను. పిల్ల తల బరువుకి ఊగినట్టు ఊగింది నా తల. చప్పట్లు కొట్టారు.

అక్కణ్ణుంచి ఆ చెయ్యి పెరగడం మొదలుపెట్టింది. మేయరుకి నిలబడేనాటికి పక్కవాడు మోచేత్తో పొడిచినా దించలేదన్న ముక్క వచ్చి చేరింది. శాసనసభకి నిలబడేనాటికి "ఆ రాత్రి మా ఆగతా ఏడ్చింది" కూడా చేరింది. అది నిజమే. నిజమైన ఏడుపుని తీసుకెళ్ళి అతను అబద్ధానికి దూలంగా వాడుకున్నాడు. వడ్రంగి కదా, ఏ కలప ఎక్కడ పడుతుందో తెలుసు. జూడిత్ బడిలో "మా నాన్న" అని వ్యాసం రాస్తే అందులోనూ ఆ చెయ్యే. టీచరు దాన్ని గోడకి అంటించింది. నేను తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు దాని ముందు నిలబడి చివరిదాకా చదివి, అక్షరదోషం ఒకటుంటే టీచరుకి చూపించాను.

మేయరుగిరీ అంటే మా ఊళ్ళో జీతమున్న పెద్ద ఉద్యోగమేమీ కాదు. ఆఫీసు మా వంటిల్లే. ఫోను నేనే తీసేదాన్ని. "మేయరు గారున్నారా?" "పైకప్పు మీదున్నారు, నాకు చెప్పండి." మురుగుకాలవ పొంగితే నాకు చెప్పేవారు, మంచు తీసే బండి తమ వాకిలి ముందు ఆగకుండా పోయిందని నాకు చెప్పేవారు, శ్మశానంలో తమ అమ్మ పక్కన చోటు వేరేవాళ్ళకి ఇచ్చారని నా ఎదురుగా కూర్చుని ఏడ్చేవారు. నేను కాఫీ పోసి, విని, ఎవరితో మాట్లాడాలో వాళ్ళతో మాట్లాడి, సాయంత్రానికి రెమిగ్‌కి చెప్తే అతను తల ఊపేవాడు. మర్నాడు ఊళ్ళో "మా మేయరుకి ఎంత జ్ఞాపకశక్తో! మా అమ్మ పేరుతో సహా గుర్తుంది," అనేవారు. అతని జ్ఞాపకశక్తిని నేనే. ఎవరి ఆవు ఎప్పుడు ఈనిందో, ఎవరికి ఏ మందు పడదో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో అన్నీ నా తలలో ఉండేవి, అతని నోట్లోంచి వచ్చేవి. విందుల్లో రెమిగ్ గ్లాసెత్తి అనేవాడు. "నా ఆఫీసుకి అద్దె లేదు, గుమస్తాకి జీతం లేదు, రాత్రికి గుమస్తా నా పక్కనే పడుకుంటుంది." బల్ల చుట్టూ ఒకటే నవ్వు. నేను ఆ నవ్వు తగ్గేదాకా ఆగి బంగాళాదుంపలు వడ్డించేదాన్ని.

ఊరందరి సంగతులూ పొల్లుపోకుండా గుర్తుంచుకునే నేను, నా కళ్ళతో చూసిన ఒక్క చేతిని గుర్తుంచుకోలేకపోవడం ఏమిటి?

ఎందుకంటే మెల్లిగా నాకు ఆ చెయ్యి ఎత్తినట్టే కనిపించడం మొదలైంది. ఎప్పుడని చెప్పలేను. ఏదో ఒక సభలో రెమిగ్ మాట్లాడుతుంటే, చప్పట్ల మధ్య, నా తలలో కిటికీ తెరుచుకుంది. ఫౌంటెన్, దోరిగ్ టోపీ, రెమిగ్, పైకి లేచిన చెయ్యి, వేళ్ళ మీద ఎండ. స్పష్టంగా. ముందున్న జ్ఞాపకం పోలేదు. అదీ ఉంది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకే గదిలో మాట్లాడుకోని ఇద్దరు మనుషుల్లా. ఆ తరవాత నుంచీ ఆ చెయ్యి ఎక్కడపడితే అక్కడ నాకు ఎదురవడం మొదలుపెట్టింది. చలికాలంలో తడిసిన చేతితొడుగు కర్రకి తగిలించి స్టవ్ మీద ఆరబెడితే, గదిలోకి రాగానే గుమ్మంలోనే ఆగిపోయేదాన్ని. కొట్టంలో గడ్డి ఎత్తే పంగలకర్ర నిలబెట్టి ఉంటే అదే. చర్చిలో రంగుటద్దం మీద ఏ సాధువో ఆశీర్వదిస్తుంటే అదే. రెమిగ్ బల్ల అవతల్నుంచి రొట్టె కోసం చెయ్యి చాపినప్పుడు, ఇది ఏ చెయ్యి అని చూసేదాన్ని. లేచినదా, లేవనిదా? నా భుజం మీద పడుకుని ఉన్నప్పుడు కూడా. ఒకే చెయ్యి రెండు బరువులతో ఉండటం మీకెవరికైనా తెలుసో లేదో.

పిచ్చి పడుతోందేమోననుకున్నాను. అత్తగారు చూసిన రెండు తలల ఆవు ఇదేనేమో. ఆవిడ పోయే ముందు ఒకరోజు, మంచంలో దిండు సర్దుతుంటే, నా మణికట్టు పట్టుకుని, "మావాడు ఆ రోజు..." అని మొదలుపెట్టి, నా ముఖంలోకి చూసి, "మంచినీళ్ళియ్యి," అంది. నేను నీళ్ళిచ్చాను. ఇప్పటికీ ఆ వాక్యం చివర ఏముండేదో అనుకుంటూ నిద్ర లేస్తాను.

ఆదివారం సభ ఎప్పటిలాగే జరిగింది. తాడు లోపల నేనూ నిలబడ్డాను, మూడు వేళ్ళూ చాపి ప్రమాణం చేశాను. ఓట్లకి అరచెయ్యి తెరిచి ఎత్తాను. మధ్యాహ్నం వాన మొదలయ్యాక అందరూ హోటళ్ళలోకి చేరారు. మా ఐష్‌బ్యూల్ వాళ్ళం ఎప్పుడూ కూర్చునే పై రోడ్డు హోటల్లో పొడుగుబల్ల నిండిపోయింది. ఉడికించిన సాసేజీలు, చీజు కలిపిన మక్రోనీ, బీరు, తడికోట్ల వాసన. రేడియో అమ్మాయి పేరు లివియా. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో బొచ్చుతొడుగు మైకు. నాలుగు గంటల రైలుకి వెళ్ళాలని ముందే చెప్పింది. రెమిగ్ తన కథ చెప్పాడు. పొడిచిన మోచెయ్యి దగ్గర అందరూ నవ్వారు, నా ఏడుపు దగ్గర అందరూ నిశ్శబ్దమయ్యారు. ఏ చోట ఎంతసేపు ఆగాలో అతనికి బాగా తెలుసు.

మైకు నా వైపు వచ్చింది.

"ఆగతా గారూ, మీరు పైనుంచి చూశారట కదా. ఏం కనిపించింది?"

"ఫౌంటెన్ దగ్గర ఉన్నాడు. దోరిగ్ గారి పక్కన," అన్నాను.

"చెయ్యెత్తడం చూశారా?"

రెమిగ్ మక్రోనీ ఫోర్కుకి చుట్టుకుంటున్నాడు. నా వైపు చూడలేదు. ఎందుకు చూస్తాడు, తను ఆనుకున్న గోడ ఉందో లేదో ఎవరూ తిరిగి చూసుకోరు. అలవాటుగా నా తల ఊగబోయింది. కానీ ఆ అమ్మాయి ఆగలేదు.

"రేడియో కదండీ, వినేవాళ్ళకి బొమ్మ కట్టాలి. ఆ చెయ్యి ఎలా ఉంది? ఇప్పుడు మీ కళ్ళముందుకి వస్తుందా? వర్ణించి చెప్పగలరా?"

అంతవరకూ ఎవరూ నన్ను ఎలా ఉందని అడగలేదు. అవునా కాదా అనే అడిగారు. నేను కళ్ళు మూసుకుని లోపలికి వెళ్ళాను. కిటికీ తెరిచాను. లేచిన చెయ్యి అక్కడే ఉంది, నాకు బాగా అలవాటైన చెయ్యి. దగ్గరగా చూశాను. ఇన్నేళ్ళలో అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"వేళ్ళ మీద ఎండ పడుతోంది," అన్నాను. "బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. మూడూ చాపి ఉన్నాయి. మిగతా రెండూ మడిచి ఉన్నాయి."

అమ్మాయి "వాహ్, ఎంత బాగా గుర్తుంది మీకు!" అంది. తను జూరిక్ పిల్ల. ఆ బల్ల దగ్గర ఫోర్కుల చప్పుడు ఆగిపోవడం ఆమెకి వినపడలేదు. హెడ్‌ఫోన్లలో వినపడినా అర్థం కాదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ మాత్రం అర్థమైంది, నాకు అర్థమైన అదే క్షణంలో. నేను చూసింది ప్రమాణం చేసిన చెయ్యి. అదే ఉదయం, అదే కిటికీ, అదే ఎండ. దాన్నే తెచ్చి ఓటు దగ్గర అతికించుకున్నాను, అన్నేళ్ళపాటు.

ముసలి ఫ్రాన్స్‌సెప్ గ్లాసు కింద పెట్టాడు. ఊళ్ళో ఎవరు చనిపోయినా ముందు హాస్యమాడేది అతనే.

"అదన్నమాట సంగతి! ఓటెయ్యమంటే మన మేయరు గారు ప్రమాణం చేసి ఊరుకున్నాడు. రాజకీయాల్లోకి రాకముందే సాధన!"

హోటలంతా పగలబడి నవ్వింది. రెమిగ్ కూడా నవ్వాడు, అందరికంటే గట్టిగా. "మా ఆవిడకి వయసొచ్చేస్తోంది బాబూ," అన్నాడు. "నిన్న ఉప్పు డబ్బాలో పంచదార పోసింది." ఇంకోసారి నవ్వు. అమ్మాయి కూడా ఏమీ తెలియకుండానే నవ్వి, మైకు ఆపి, "ఇక్కడే కూర్చుని అన్నీ ఒకసారి విని చూసుకుంటాను," అంది. నేను తడికోటు తొడుక్కున్నాను. నాకు ఇంకా తేలలేదు. లేచిన చెయ్యి నిజం కాకపోతే లేవని చెయ్యి నిజమని అనుకోవచ్చు. కానీ ఒకటి అతుకైతే రెండోదీ అతుకే కావచ్చు కదా. దేనిమీద నమ్మకం ఉంచేది? నా తలలో ఆ కిటికీ ఖాళీగా ఊగుతోంది.

కారు వంపులు తిరుగుతూ కిందికి దిగుతోంది. చర్చి దాటాం. వైపర్లు కొట్టుకుంటున్నాయి.

"మూడు వేళ్ళేంటి ఆగతా?"

"అలాగే కనిపించింది."

"వచ్చే ఆదివారం ఎన్నికని తెలుసా లేదా? ఆ ఫ్రాన్స్‌సెప్ రేపటికల్లా ఊరంతా చెప్తాడు. ఎన్నేళ్ళ బట్టి చక్కగా చెప్తున్నావు, ఇవాళేం పుట్టింది నీకు?"

"నేను చెప్పింది ఎప్పుడూ లేదు రెమిగ్. తల ఊపాను."

"అదే ఊపొచ్చు కదా! పెద్ద సాక్ష్యమా ఏమన్నానా?" అతను గేరు మార్చాడు. కోపంలో అతని గొంతు ఎప్పుడూ తగ్గుతుంది, లెక్క చెప్తున్నట్టు. "చూడు, ఆ రోజు చౌరస్తాలో నా వైపు చూస్తున్నది నువ్వొక్కదానివి. దోరిగ్ పోయాడు. మా అమ్మ పోయింది. నేను చెయ్యెత్తలేదని నీకు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికి తెలుసు? ఆ ఒక్కదానివీ కాస్త నోరు కట్టుకుని కూర్చుంటే..."

అతను ఇంకా మాట్లాడుతున్నాడు. సభాపతి గురించి, జూడిత్ ఏమనుకుంటుందో దాని గురించి. తను ఏమన్నాడో అతనికి వినపడలేదు. వాన పెద్దదయ్యేలా ఉంది అన్నట్టు అనేశాడు.

నేను నా చేతుల వైపు చూసుకున్నాను. ఒళ్ళో ఉన్నాయి, మామూలుగా. లోపల ఏదో కూలిపోతుందనుకున్నాను, సంతోషమో దుఃఖమో వస్తుందనుకున్నాను. ఏదీ రాలేదు. ఫౌంటెన్ కనిపించింది. దోరిగ్ కనిపించాడు. కోటుకి అంటుకున్న చెయ్యి, పక్కకి తిరిగిన తల. దాని పక్కన ఇంకేమీ లేదు. ఆ చెయ్యి ఇప్పుడు నన్ను భయపెట్టలేదు. పాతికముప్ఫై ఏళ్ళ ఒక వడ్రంగి చెయ్యి, భయపడి కిందికి వేలాడుతోంది, అంతే. నా కళ్ళు బాగానే ఉన్నాయి. మొదటి నుంచీ బాగానే ఉన్నాయి. రెండు తలల ఆవు ఏదీ లేదు.

"బండి ఆపు," అన్నాను.

"ఇక్కడా? వానలోనా?"

"ఆపు రెమిగ్."

అతను రోడ్డు పక్కకి తీసి ఆపాడు. నేను తలుపు తెరిచాను. వెనక్కి చూస్తే హోటలు కప్పు ఇంకా కనిపిస్తూనే ఉంది, ఎక్కువ దూరం రాలేదు. నాలుగు గంటల రైలుకి ఇంకా టైముంది, ఆ అమ్మాయి అక్కడే ఉంటుంది.

"ఏం మర్చిపోయావ్ అక్కడ?" అన్నాడు విసుగ్గా.

"ఏమీ మర్చిపోలేదు," అని దిగాను.